అటెన్‌బరో: ఒక అరుదైన ఇంటిపేరు పుట్టిన ఊరు, నడిచిన దారి

అటెన్‌బరో అనే పేరు తెలుగువాళ్లకు రెండు దారుల్లో చేరింది. 1982లో గాంధీ జీవితాన్ని తెరకెక్కించిన రిచర్డ్ అటెన్‌బరో ఒకరు. అడవుల గురించి, సముద్రాల గురించి, పక్షుల గురించి 1950ల నుంచి టీవీలో చెబుతూ వచ్చిన డేవిడ్ అటెన్‌బరో ఇంకొకరు. ఇద్దరూ సొంత అన్నదమ్ములు. ఆ సంగతి తెలియనివాళ్లు కూడా ఈ రెండు పేర్లూ పక్కపక్కన చూస్తే ఏదో చుట్టరికం ఉండే ఉంటుందనుకుంటారు. ఇద్దరు స్మిత్‌లను చూసి ఎవరికీ అలా అనిపించదు. పేరు అరుదైనదైతే, అది పెట్టుకున్నవాళ్లంతా ఒకే వంశం వాళ్లై ఉంటారని మనసుకు సహజంగానే తడుతుంది. ఈ ఊహ ఎంతవరకు నిజమన్న ప్రశ్నను ఇంగ్లండ్‌లో డీఎన్ఏ పరీక్షల దాకా తీసుకెళ్లారు. అలా పరీక్షించిన పేర్లలో చాలా స్పష్టంగా జవాబిచ్చినవాటిలో అటెన్‌బరో ఒకటి. ఆ జవాబులో వంశ గౌరవం కంటే అదృష్టం పాత్రే ఎక్కువ.

ముందు ఊరి సంగతి. అటెన్‌బరో ఒక ఊరి పేరు. ఇంగ్లండ్ నడిబొడ్డున నాటింగ్‌హామ్‌షైర్‌లో, నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున ఉంటుంది. చుట్టూ చిల్‌వెల్, టోటన్, బీస్టన్. కాస్త అవతల ఎరివాష్ అనే చిన్న ఏరు, దాన్ని దాటితే డెర్బీషైర్. ఊళ్లో సెయింట్ మేరీ పేరుతో పాత చర్చి ఉంది. నది పక్కన 1929 నుంచి కంకర తవ్వుతూ పోవడంతో పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. వాటిలో నీరు నిలిచింది, పక్షులు చేరాయి. 1966లో ఆ చెరువుల్ని ప్రకృతి సంరక్షణ కేంద్రంగా ప్రకటించినప్పుడు ప్రారంభించడానికి డేవిడ్ అటెన్‌బరోనే పిలిచారు. ఊరి పేరు, అతిథి ఇంటిపేరు ఒకటే. ఈ పోలిక వెనక దాదాపు ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ఊరి పేరు 12వ శతాబ్దపు రాతల్లో అడిన్‌బుర్చ అన్నట్టుగా కనిపిస్తుంది. ఆంగ్లో సాక్సన్ల కాలంలో అడ్డ, అద్ది లాంటి పేరున్న ఎవరో ఒకాయన ఉండేవాడు. బుర్హ్ అంటే కోట, లేదా చుట్టూ గట్టు పోసి కాపాడుకున్న చోటు. అడ్డ గారి కోట, అదే అడిన్‌బుర్చ. ఆ అడ్డ ఎవరో, ఏం చేశాడో చరిత్రలో మిగల్లేదు.

పేర్ల పండితులు ఈ ఇంటిపేరుకు ఇంకో దారి కూడా చూపిస్తారు. మధ్యయుగపు ఇంగ్లీషులో మనిషిని అతను ఉండే చోటును బట్టి పిలిచేటప్పుడు ముందు అట్టెన్ అని చేర్చేవాళ్లు. ఫలానా దాని దగ్గర ఉండేవాడు అని. యాష్ చెట్టు దగ్గర ఉండేవాడు అట్టెన్ యాష్. నోరు తిరిగీ తిరిగీ అది నాష్ అయ్యింది. ఓక్ చెట్ల దగ్గరివాడు నోక్స్ అయ్యాడు. అదే పద్ధతిలో గుట్ట దగ్గరివాడో దిబ్బ దగ్గరివాడో అటెన్‌బరో అయి ఉండవచ్చని ఆ వాదన. శబ్దాన్ని మాత్రమే చూస్తే కొట్టిపారేయడానికి లేదు.

ఇలాంటి చోట నిఘంటువు కంటే మ్యాపు బాగా పనికొస్తుంది. గుట్టలు, దిబ్బలు ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి. పేరు గుట్ట నుంచి వచ్చి ఉంటే ఒక్కో జిల్లాలో ఒక్కో అటెన్‌బరో కుటుంబం విడివిడిగా పుట్టుకొచ్చి ఉండాలి. నాష్‌లు, నోక్స్‌లు అలాగే చాలాచోట్ల పుట్టారు. అటెన్‌బరోలు అలా లేరు. 1881 నాటి బ్రిటన్ జనాభా లెక్కల్ని ఇంటిపేర్ల వారీగా మ్యాపు గీస్తే ఈ పేరు నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దు చుట్టూ, అంటే ఆ ఊరి చుట్టుపక్కలే చిక్కగా కనిపిస్తుంది. మిగతా దేశంలో అక్కడక్కడా చుక్కలు. కాబట్టి మొగ్గు ఊరి వైపే.

1881 లెక్కలకు ఇంత విలువ ఎందుకంటే, రైళ్లు, ఫ్యాక్టరీలు వచ్చాక కూడా చాలా కుటుంబాలు తాతముత్తాతల జిల్లా దాటి పెద్దగా కదల్లేదు. ఆ లెక్కల్ని వాలంటీర్లు పేరు పేరునా ఎక్కించి కంప్యూటర్‌కి అందించారు కాబట్టి ఏ ఇంటిపేరునైనా మ్యాపు మీద పెట్టి చూడొచ్చు. దీనికంటే ముందే, 1890లో హెన్రీ గప్పీ అనే ఆయన కౌంటీ డైరెక్టరీల్లోని రైతుల పేర్లు లెక్కపెట్టి ఏ పేరు ఏ కౌంటీదో చెప్పే పుస్తకం రాశాడు. రైతులనే ఎందుకు ఎంచుకున్నాడంటే, భూమిని పట్టుకుని ఉన్నవాళ్లే ఉన్నచోట ఎక్కువకాలం ఉంటారని. తెలివైన ఎంపిక అది. ఇప్పటి పరిశోధకులు పెద్ద పెద్ద డేటాతో చేస్తున్నదానికి మూలం అక్కడే ఉంది.

ఊరి పేరు ఇంటిపేరైంది కాబట్టి ఆ కుటుంబం ఆ ఊళ్లోనే పాతుకుపోయి ఉంటుందని అనుకుంటే పొరపాటే. అటెన్‌బరోలో ఉన్నంతకాలం ఎవర్నీ అటెన్‌బరో అని పిలవాల్సిన అవసరం ఉండదు, అందరూ అక్కడివాళ్లే కదా. ఊరు విడిచి పక్క ఊళ్లో కాపురం పెట్టినప్పుడే ఫలానా ఊరాయన అన్న గుర్తు అంటుకుంటుంది. తాడేపల్లివారు, వేటూరివారు, దేవులపల్లివారు ఎన్ని ఊళ్లలో స్థిరపడ్డారో చూసిన తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు సాధారణంగా వలసకు సాక్ష్యం. అయితే ఆ వలస చాలాసార్లు ఒక పూట నడకలో తేలిపోయేంత చిన్నది.

అటెన్‌బరో ఊరే దీనికి మంచి ఉదాహరణ. ఆ ఊళ్లో పుట్టినవాళ్లలో చరిత్రకెక్కిన మనిషి అటెన్‌బరో కాదు, హెన్రీ ఐర్టన్. 1611లో అక్కడి చర్చిలోనే అతనికి బాప్టిజం ఇచ్చారు. రాజును ఎదిరించిన పార్లమెంటు సేనాని ఆలివర్ క్రామ్వెల్‌కు అల్లుడయ్యాడు, 1649లో మొదటి చార్లెస్ రాజు మరణశాసనం మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. అతని ఇంటిపేరు కూడా ఊరి పేరే, పక్క కౌంటీ డెర్బీషైర్‌లోని ఐర్టన్ నుంచి వచ్చింది. ఐర్టన్ నుంచి వచ్చినవాళ్లు అటెన్‌బరోలో ఉన్నారు, అటెన్‌బరో నుంచి వెళ్లినవాళ్లు ఇతర ఊళ్లలో ఉన్నారు. సినిమా దర్శకుడు రిచర్డ్ పుట్టింది కేంబ్రిడ్జ్‌లో, 1923లో. డేవిడ్ పుట్టింది లండన్ శివారు ఐజిల్‌వర్త్‌లో, 1926లో. వాళ్ల నాన్న ఫ్రెడరిక్ అటెన్‌బరో మాత్రం 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టాడు. స్టేపుల్‌ఫర్డ్ నుంచి అటెన్‌బరోకు నాలుగైదు కిలోమీటర్లు ఉంటుందేమో. పేరు పుట్టిన వందల ఏళ్ల తర్వాత కూడా ఈ శాఖ ఆ ఊరి పొలిమేరల్లోనే ఉందన్నమాట.

ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు ఒక్కసారిగా వచ్చినవి కావు. 1066లో నార్మన్లు దేశాన్ని గెలిచాక పెద్ద భూస్వాములు ముందుగా పేర్లు పెట్టుకున్నారు. దక్షిణాది నుంచి ఉత్తరాదికి, ధనికుల నుంచి పేదలకు ఆ అలవాటు మెల్లగా దిగింది. 1400 నాటికి చాలామందికి తండ్రి నుంచి కొడుకుకు వచ్చే పేరంటూ ఏర్పడింది. దానికి ఒక కారణం పన్నులు. ఊరికి నలుగురు జాన్‌లు, ఐదుగురు విలియమ్‌లు ఉంటే పన్ను ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో గుమాస్తా ఎలా రాసుకుంటాడు? 1377, 1379, 1381ల్లో వేసిన తల పన్నుల చిట్టాలు ఇంటిపేర్ల చరిత్రకు పెద్ద గని. తర్వాత 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్వెల్ ప్రతి చర్చిలో బాప్టిజం, పెళ్లి, ఖననం రిజిస్టరు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడి నుంచి సామాన్యుల పేర్లు కూడా కాగితం మీదికొచ్చాయి.

కాగితం మీదికి రావడం అంటే కుదురుగా వచ్చాయని కాదు. చెప్పేవాడికి చదువు లేదు, రాసేవాడు తన చెవికి వినిపించినట్టు రాసేవాడు. అటెన్‌బరో, అటెన్‌బరా, అటెన్‌బ్రో, మధ్యలో అక్షరాలు మారినవి, చివర మారినవి, ఇలా ఒకే పేరు రకరకాలుగా నమోదైంది. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పేర్లకే రెండు స్పెల్లింగులు ఉండటం ఆ రోజుల్లో వింతేం కాదు. అందుకే వంశవృక్షం వెతికేవాళ్లు ఇప్పటి స్పెల్లింగుకు మొండిగా అంటిపెట్టుకుంటే సగం మంది పూర్వీకుల్ని పోగొట్టుకుంటారు.

నాటింగ్‌హామ్ ప్రాంతం మగ్గాలకు, లేసు పరిశ్రమకు పెట్టింది పేరు. 19వ శతాబ్దంలో చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బీస్టన్, స్టేపుల్‌ఫర్డ్, లాంగ్ ఈటన్, నాటింగ్‌హామ్ మిల్లులకు చేరారు. కొన్ని కుటుంబాలు లండన్ వెళ్లాయి. లండన్‌లో ఈ పేరు సినిమాలకంటే, టీవీకంటే చాలా ముందే తెలిసినది, అయితే వేరే కారణంతో. విక్టోరియా రాణి కాలంలో అక్కడ అటెన్‌బరో అంటే తాకట్టు వ్యాపారం. ఫ్లీట్ స్ట్రీట్, చాన్సరీ లేన్ కలిసే మూల మీద వాళ్ల దుకాణం ఉండేది. ట్రస్టు చట్టం చదివే విద్యార్థులకు ఇప్పటికీ ఎదురయ్యే ఒక కేసు ఆ వ్యాపారం నుంచే వచ్చింది. 1878లో ఒకాయన చనిపోయాడు. వీలునామా అమలు చేయాల్సిన కొడుకుల్లో ఒకడు 1892లో, అంటే పద్నాలుగేళ్ల తర్వాత, తండ్రి వెండి సామాను తీసుకెళ్లి అటెన్‌బరోల దగ్గర 65 పౌండ్లకు కుదువ పెట్టాడు. అలా కుదువ పెట్టే హక్కు అతనికి అప్పటికి లేదని, వెండి తిరిగి ఇవ్వాల్సిందేనని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఈ తీర్పు 1913 లా రిపోర్టుల్లో ఉంది. ఒక ఇంటిపేరు ఎక్కడెక్కడికి పాకిందో తెలుసుకోవడానికి చర్చి రిజిస్టర్లు మాత్రమే చూస్తే చాలదు. కోర్టు పుస్తకాలు, దుకాణాల డైరెక్టరీలు కూడా తిరగెయ్యాలి.

ఇక ఈ కథ లెస్టర్ నగరానికి మళ్లుతుంది. ఫ్రెడరిక్ అటెన్‌బరో చదువుకుంటూ పైకొచ్చిన మనిషి. కేంబ్రిడ్జ్‌లో ఇమ్మాన్యుయేల్ కాలేజీ ఫెలో అయ్యాడు. ఆంగ్లో సాక్సన్ రాజుల చట్టాలను సంకలనం చేసి, అనువదించి 1922లో ప్రచురించాడు. తన ఇంటిపేరు పుట్టిన భాషను, కాలాన్ని ఇంత దగ్గరగా చదివినవాళ్లు అరుదు. 1932 నుంచి 1951 దాకా లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపల్‌గా ఉన్నాడు. ముగ్గురు కొడుకులు ఆ ప్రాంగణంలోనే పెరిగారు. 1948లో అదే కాలేజీలో ఇంగ్లండ్ స్థానిక చరిత్రకంటూ ఒక ప్రత్యేక శాఖ ఏర్పడింది. దాని వెనక ఉన్న చరిత్రకారుడు డబ్ల్యూ. జి. హాస్కిన్స్. పల్లెల హద్దులు, పాత దారులు, వదిలేసిన ఊళ్లు, ఇలాంటివాటిని చరిత్రగా చదవడం నేర్పినవాడు ఆయనే. ఆయన పుస్తకాలకు ఫ్రెడరిక్ అటెన్‌బరో ఫొటోలు తీసిచ్చాడు. 1960ల్లో ఆ శాఖలోనే ఇంగ్లీషు ఇంటిపేర్ల సర్వే మొదలైంది. ఏ పేరు ఏ కౌంటీలో ఎప్పుడు పుట్టిందో చిట్టాలు వెతికి తేల్చే పని అది.

1984 సెప్టెంబరులో అదే లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టాడు. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ తన సొంత పద్ధతిలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ తయారుచేసింది కూడా ఆ దశాబ్దంలోనే. ఇంటిపేర్ల చరిత్ర, జన్యుశాస్త్రం రెండూ ఒకే ప్రాంగణంలో ఎదిగాయి కాబట్టి అవి ఎప్పుడో ఒకప్పుడు కలవకుండా ఉండవు. టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రవేత్తలు వాటిని కలిపారు.

వాళ్ల పనికి ఆధారం చాలా సులువైనది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు కూడా సాధారణంగా తండ్రి నుంచే వస్తుంది. ఒక ఇంటిపేరు ఒకే మనిషితో మొదలై ఉంటే, ఈనాటి ఆ పేరు మగవాళ్లందరి వై క్రోమోజోమూ దాదాపు ఒకటే కావాలి. తరానికింత అని జరిగే చిన్న చిన్న మార్పుల్ని లెక్కపెడితే ఆ మొదటి మనిషి సుమారు ఎప్పటివాడో కూడా చెప్పొచ్చు. దీనికి దారి చూపినది 2000లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ చేసిన పరిశోధన. ఆయన తన ఇంటిపేరు ఉన్న 48 మంది నమూనాలు పరీక్షించాడు. సైక్స్ అంత అరుదైన పేరేం కాదు, అయినా సగం మందికి దగ్గర్లో ఒకే రకం క్రోమోజోమ్ కనిపించింది. 2006లో కింగ్, జాబ్లింగ్ బృందం 150 జంటలను తీసుకుంది. ఒక్కో జంటలో ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, కానీ వాళ్లకు తెలిసిన బంధుత్వం ఏదీ లేదు. దాదాపు నాలుగో వంతు జంటల్లో దగ్గరి పూర్వీకుడు ఉన్నట్టు తేలింది. పేరు ఎంత అరుదైతే ఆ అవకాశం అంత పెరిగి, బాగా అరుదైన పేర్లలో సగం దాకా వెళ్లింది.

2009లో వచ్చిన పరిశోధన ఇంకా పెద్దది. 40 ఇంటిపేర్లు, 1678 మంది మగవాళ్లు. స్మిత్‌లలో ఏ పోలికా కనిపించలేదు, దారినపోయే ఎవరినో పోల్చినట్టే ఉంది. ఆశ్చర్యం లేదు, ప్రతి ఊరికీ ఒక కమ్మరి ఉండేవాడు, ప్రతి కమ్మరీ ఒక స్మిత్ వంశానికి మూలపురుషుడు. 1881లోనే బ్రిటన్‌లో స్మిత్‌లు నాలుగు లక్షల పైచిలుకు. వందల్లో లెక్కకొచ్చే అటెన్‌బరోల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పరీక్షించిన అటెన్‌బరోలలో, స్పెల్లింగు మారిన దగ్గరి పేర్లను కలుపుకుని, 87 శాతం మందిది ఒకే రకం వై క్రోమోజోమ్. అంటే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఒకే మగ పూర్వీకుడి సంతతి. అదీ బ్రిటన్‌లో తక్కువగా కనిపించే ఇ1బి1బి1 అనే రకం. బ్రిటన్‌లో మామూలుగా ఉండే రకమైతే పోలికలు కాకతాళీయం కావచ్చన్న అనుమానం మిగిలేది. ఇంత అరుదైనది కావడంతో ఆ అనుమానానికి చోటు లేకుండా పోయింది.

మరి మిగతా 13 శాతం? ఇక్కడ చాలామంది వెంటనే అక్రమ సంబంధాల వైపు వెళ్తారు. కారణాలు అంతకంటే చాలా ఉన్నాయి. పెళ్లికాని తల్లికి పుట్టిన కొడుక్కి తల్లి ఇంటిపేరే వచ్చేది, ఆ పేరు మాత్రం అటెన్‌బరోనే, క్రోమోజోమ్ వేరు. పెంచుకున్న పిల్లలుంటారు. మారుతండ్రి పేరు పెట్టుకున్నవాళ్లుంటారు. ఆస్తి రావాలంటే మామగారి ఇంటిపేరు పెట్టుకోవాలన్న షరతులుండేవి. ఇంగ్లండ్‌లో పేరు మార్చుకోవడానికి చట్టం పెద్దగా అడ్డు చెప్పదు కాబట్టి నచ్చిన పేరు వాడుకున్నవాళ్లూ ఉంటారు. అన్నీ కలిపి చూస్తే, తరానికి తండ్రి వరస తప్పే అవకాశం ఒకటి నుంచి నాలుగున్నర శాతంలోపేనని పరిశోధకులు అంచనా వేశారు. ఏడు వందల ఏళ్లంటే ఇరవైకి పైగా తరాలు. అన్ని తరాల్లో ఇన్ని దారులున్నా 87 శాతం నిలవడం నిజంగా విశేషం.

అది ఎలా నిలిచిందన్నదే ఈ మొత్తంలో ఆసక్తికరమైన భాగం. అటెన్‌బరో నుంచి పక్క ఊళ్లకు వెళ్లినవాడు ఒక్కడే అయి ఉండాలని లేదు. ఐదుగురు వెళ్లి ఉండొచ్చు, ఐదుగురికీ ఆ పేరే అంటుకుని ఉండొచ్చు. కానీ ఒకాయనకు అందరూ ఆడపిల్లలే పుట్టారు, ఇంటిపేరు ఆయనతో ఆగిపోయింది. ఇంకొకాయన కొడుకులు పెళ్లి కాకుండానే పోయారు. 1348, 1349ల్లో వచ్చిన ప్లేగు ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టింది. అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న ఇంటిపేర్లకు అది పెద్ద దెబ్బ. బతికి బట్టకట్టినవాడి కొడుకులు, వాళ్ల కొడుకులు పెరిగితే మిగిలే పేరంతా అతనిదే అవుతుంది. వాడు బలవంతుడనో, గొప్పవాడనో కాదు.

ఈ ఆటను గణితంగా మార్చిన ఘనత విక్టోరియా కాలానిది. పెద్దింటి పేర్లు ఎందుకు మాయమైపోతున్నాయని ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక పత్రికలో లెక్కగా అడిగాడు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు జవాబు కట్టి పంపాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. వాట్సన్ చివరి మెట్టులో తప్పటడుగు వేసి, అన్ని ఇంటిపేర్లూ ఎప్పటికైనా అంతరించాల్సిందే అన్నాడు. తర్వాతివాళ్లు దాన్ని సరిదిద్దారు. ఒక్కో మగవాడికి సగటున ఒకరికంటే ఎక్కువమంది కొడుకులుంటే పేరు శాశ్వతంగా నిలిచే అవకాశం ఉంటుంది, కానీ ఖాయం కాదు. మొదటి కొన్ని తరాలే గండం. ఆ గండం దాటిన పేరు ఇక పెరుగుతూ పోతుంది. అటెన్‌బరో వంశంలో ఒకే శాఖ ఆ గండం దాటిందని డీఎన్ఏ చెబుతున్నదానికి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది.

అరుదైన పేరున్నవాళ్లకు ఇంటిపేరు చిహ్నాలంటూ, వంశ ముద్రలంటూ ఫ్రేము కట్టి అమ్మే దుకాణాలు ఇంగ్లండ్‌లో, అమెరికాలో చాలా ఉన్నాయి. వాటికి డబ్బు పెట్టడం దండగ. ఇంగ్లండ్‌లో ఆ ముద్రలను నమోదు చేసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ 1484లో పుట్టింది. ముద్ర ఒక వ్యక్తికి, అతని వారసులకు చెందుతుందే తప్ప ఇంటిపేరుకు చెందదని ఆ సంస్థ స్పష్టంగా చెబుతుంది. ఇ1బి1బి1 రకం ఉత్తర ఆఫ్రికాలో, మధ్యధరా తీరంలో ఎక్కువ కాబట్టి అటెన్‌బరోలు అక్కడివాళ్లని తీర్మానించడం కూడా అంతే తొందరపాటు. ఒక్క క్రోమోజోమ్ ఒక్క తండ్రి వరస గురించే చెబుతుంది. పది తరాలు వెనక్కి వెళితే ఒక్కో మనిషికి 1024 స్థానాల్లో పూర్వీకులుంటారు. ఇంటిపేరు అందులో ఒక్క స్థానానిది. రిచర్డ్, డేవిడ్‌ల అమ్మ పుట్టింటి పేరు క్లెగ్. ఆమె తండ్రి శామ్యూల్ క్లెగ్ లాంగ్ ఈటన్‌లో హెడ్‌మాస్టర్. చదువు మీద ఆ ఇంటికున్న పట్టుదలలో క్లెగ్‌ల వాటా ఎంతో ఏ వై క్రోమోజోమూ చెప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు యూదు ఆడపిల్లలను ఫ్రెడరిక్ దంపతులు ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి పెంచారు. ఆ ఇంటి చరిత్రలో వాళ్లకూ చోటుంది.

పేరు ఒకటి, రక్తం ఇంకొకటి కావచ్చన్నదానికి పెద్ద సాక్ష్యం కూడా లెస్టర్‌లోనే దొరికింది. 2012లో ఒక కారు పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు అస్థిపంజరం బయటపడింది. డీఎన్ఏ పని చూసింది టూరీ కింగే. తల్లి వరస డీఎన్ఏ సరిపోయింది, ఇతర ఆధారాలూ కలిశాయి, ఆయన రాజేనని తేలింది. తండ్రి వరసలో బంధువులని కాగితాల్లో ఉన్నవాళ్ల వై క్రోమోజోమ్ మాత్రం రాజుగారిదానితో కలవలేదు. 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. ప్రతి తరం రాసిపెట్టుకున్న రాచవంశంలో ఎక్కడో వరస తప్పింది. చిట్టాలు లేని ఒక పల్లెటూరి పేరులో వరస ఇంత బాగా నిలిచింది.

ఇప్పుడు ఈ పేరు నాటింగ్‌హామ్ దాటి లండన్‌లో, దక్షిణ ఇంగ్లండ్‌లో, సముద్రాలు దాటి ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాల్లో కనిపిస్తుంది. ఎక్కడా గుంపుగా లేదు. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు 45 వేలకు పైగా పేర్లను పాత రికార్డులతో సహా నాలుగు సంపుటాల్లో వివరించింది. అరుదైన ఒక్కో పేరును పట్టుకుని ప్రపంచమంతా వెతికేవాళ్ల సంఘం 1979 నుంచి ఇంగ్లండ్‌లో పనిచేస్తోంది. మనుషుల్లో అరుదైన ఈ పేరు ప్రకృతిలోకి మాత్రం బాగా పాకింది. ఫిలిప్పీన్స్‌లోని పలావాన్ కొండల మీది ఒక కీటకాహారి మొక్కకు, పాపువా పర్వతాల్లోని పొడుగు ముక్కు ఎకిడ్నాకు, డైనోసార్ల కాలపు ఒక సముద్ర సరీసృపానికి శాస్త్రవేత్తలు డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టారు. ఆ ఎకిడ్నా అంతరించిందేమో అనుకుంటుండగా 2023లో కెమెరాకు చిక్కింది.

అరుదైన ఇంటిపేరుకు ఇప్పుడు కొత్త ఇబ్బంది కూడా వచ్చింది. వంశవృక్షాల వెబ్‌సైట్లలో లక్షలమంది వై క్రోమోజోమ్ ఫలితాలు ఇంటిపేర్లతో సహా ఉంటున్నాయి. 2013లో యానివ్ ఎర్లిచ్ బృందం ఒక ప్రయోగం చేసింది. పేర్లు తీసేసి పరిశోధకులకు అందుబాటులో ఉంచిన డీఎన్ఏ నమూనాలను తీసుకుని, వంశవృక్షాల డేటాబేసుల్లో పోల్చి ఇంటిపేరు ఊహించి, వయసు, రాష్ట్రం లాంటి బహిరంగ వివరాలు జోడించి దాదాపు 50 మంది ఎవరో పట్టుకుంది. ఇలాంటి వెతుకులాటలో స్మిత్ అన్న పేరు దొరికితే పెద్దగా ఉపయోగం లేదు, లక్షలమందిలో కలిసిపోతాడు. పేరు ఎంత అరుదైతే మనిషి అంత త్వరగా దొరికిపోతాడు. నేరపరిశోధనలో ఘటనాస్థలిలో దొరికిన డీఎన్ఏ నుంచి అనుమానితుడి ఇంటిపేరు ఊహించవచ్చన్న సూచన 2006 పరిశోధనలోనే ఉంది.

ఈ పద్ధతులన్నీ ఇంటిపేరు తండ్రి నుంచే వస్తుందన్న నమ్మకం మీద నిలబడ్డాయి. ఆ నమ్మకం ఇప్పుడు సడలుతోంది. బ్రిటన్‌లో పెళ్లయ్యాక పుట్టింటి పేరు ఉంచుకుంటున్న ఆడవాళ్లు, తల్లి పేరు పెట్టుకుంటున్న పిల్లలు, రెండు పేర్లూ గీత పెట్టి కలుపుకుంటున్న జంటలు పెరిగారు. మగపిల్లలు లేక ఆగిపోవాల్సిన అరుదైన పేర్లు కూతుళ్ల ద్వారా నిలబడటానికి ఇది ఒక దారి. అటెన్‌బరోలు దీనివల్ల పెరగొచ్చు కూడా. కాకపోతే మరో నాలుగైదు తరాల తర్వాత ఎవరైనా వాళ్ల నమూనాలు మళ్లీ పరీక్షిస్తే 87 శాతం అన్న సంఖ్య రాదు. అప్పటి పరిశోధకులకు 2009 నాటి నమూనాలు, 1881 చిట్టాలు, సెయింట్ మేరీ లాంటి చర్చిల రిజిస్టర్లు ఇప్పటికంటే ఎక్కువ అవసరమవుతాయి.